ఫోను కదలిక, మనిషి కదలిక

2008 జూన్‌లో నేచర్ పత్రికలో మార్తా గొంజాలెజ్, సీజర్ హిదాల్గో, ఆల్బర్ట్-లాస్లో బరబాషి కలిసి రాసిన ఒక పరిశోధనపత్రం వెలువడింది. లక్షమంది మొబైల్ ఫోను వాడకందార్ల ఆచూకీని ఆరు నెలల పాటు టవర్ల రికార్డుల నుంచి రాబట్టి, మనుషుల రాకపోకల్లో ఒక క్రమం ఉన్నదనీ, ఆ క్రమాన్ని ఒక సమీకరణంలో ఇమడ్చవచ్చుననీ ఆ పత్రం ప్రకటించింది. తరువాతి కాలంలో ఫోను రికార్డుల ఆధారంగా అంటువ్యాధుల వ్యాప్తిని, విపత్తుల్లో జనం వలసను, నగరాల్లో రద్దీని అంచనా వేసిన పరిశోధనలు చాలావాటికి అదే దారి చూపింది.

ఈ పరిశోధనల్లో ముఖ్యమైనవాటిని ఒక వైద్యుడి కళ్ళతో తిరిగి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. కొత్త రక్తపరీక్ష ఏదైనా వాడుకలోకి వచ్చినప్పుడు మేము వేసే ప్రశ్నలు మూడు: అది నిజానికి దేన్ని కొలుస్తున్నది? ఎవరి మీద సరిచూశారు? ఎవరిని పట్టుకోలేకపోతున్నది? ఫోను రికార్డు కూడా ఒక పరీక్షే. దానికి ఈ ప్రశ్నలు వేసినవారు లేకపోలేదు కాని, సమీకరణాలకు వచ్చినంత పేరు ఆ ప్రశ్నలకు రాలేదు.

దోమ, నోటు, ఫోను

ఈ శాస్త్రానికి దూరపు చుట్టరికం ఒకటి మన సికింద్రాబాదులో ఉన్నది. 1897 ఆగస్టు 20న అక్కడ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రొనాల్డ్ రాస్, ఆ తరువాత కొన్నేళ్ళకు ఒక లెక్క దగ్గర ఆగిపోయాడు. ఒక ప్రాంతంలో దోమలను పూర్తిగా నిర్మూలిస్తే చుట్టుపక్కల నుంచి మళ్ళీ ఎన్ని వచ్చి చేరతాయి, ఎంత దూరం నుంచి వస్తాయి అన్నది ఆ లెక్క. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ దీన్ని అందుకుని 1905లో నేచర్ పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. అందులో దోమ స్థానంలో మనిషిని నిలబెట్టాడు: కొన్ని గజాలు తిన్నగా నడిచి, ఎటో ఒకవైపు తిరిగి, మళ్ళీ అంతే దూరం నడిచే మనిషి కొన్ని మలుపుల తరువాత ఎక్కడ ఉంటాడు? గణితంలో 'యాదృచ్ఛిక నడక' అన్న పేరు స్థిరపడింది ఆ లేఖతోనే. జవాబు లార్డ్ రేలీ దగ్గర అప్పటికే ఉన్నదని తెలిశాక పియర్సన్ చమత్కరించాడు కూడా, నిలబడగలిగే తాగుబోతు దొరికేది ఎక్కువగా బయలుదేరిన చోటికి దగ్గర్లోనేనని.

నూరేళ్ళ తరువాత, 2006లో డిర్క్ బ్రాక్‌మన్ బృందం మనిషికి బదులు డాలరు నోటును పట్టుకున్నది. తమ చేతికొచ్చిన నోటు నంబరును సరదాగా నమోదు చేసే అమెరికన్ వెబ్‌సైటు ఒకటి ఉండేది. దాన్నుంచి నాలుగున్నర లక్షలకు పైగా నోట్ల ప్రయాణాలను తీసుకుని, నోటు చిన్న చిన్న దూరాలు చాలాసార్లు, అరుదుగా ఒక్కసారి చాలా పెద్ద దూరం దూకుతుందని చూపించారు. అయితే నోటు చేతులు మారుతుంది. తిరుపతి వెళ్ళినవాడు తిరిగి ఇంటికి వస్తాడు. హుండీలో వేసిన నోటు రాదు. 2008 నాటి పత్రం అసలు ఘనత ఈ తేడాను చూపించడంలో ఉన్నది. మనిషి దోమలాగానో నోటులాగానో తిరగడు. రెండు మూడు చోట్లకే పదేపదే వెళ్ళి వస్తాడు. ఒక్కొక్కరి తిరుగుడు ఎంత మేరకు వ్యాపించిందో చెప్పడానికి వారు వాడిన కొలత, తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదువుకున్నవారికి పరిచయమైన 'భ్రమణ వ్యాసార్థం'. ఎక్కువమందికి అది చిన్నది, కొద్దిమందికి చాలా పెద్దది. ఆ వ్యాసార్థంతో భాగిస్తే అందరి తిరుగుళ్ళూ ఒకే ఆకారంలోకి వచ్చాయి. అందమైన ఫలితం, సందేహం లేదు.

ఇబ్బంది శీర్షికలో ఉన్నది. అది వ్యక్తిగత 'మానవ' కదలికల గురించి అని చెప్పుకుంటుంది. లోపల ఆ లక్షమంది ఏ దేశంవారో చెప్పలేదు. వారి వయసులు, స్త్రీపురుష నిష్పత్తి, వృత్తులు ఫలితాల్లో భాగం కావు. ఏ ఊరి రోగులో, ఏ వయసువారో చెప్పకుండా 'మానవ రక్తపోటు స్వభావం' అని ఒక వ్యాసం వైద్య పత్రికకు వస్తే సంపాదకుడు రెండో పేజీ తిప్పడు. భౌతికశాస్త్రం నుంచి వచ్చిన పరిశోధకులకు అణువుల ఊరూ పేరూ అక్కర్లేదు గనక ఈ అలవాటు సహజంగానే అబ్బి ఉండవచ్చు.

రికార్డులో ఉండేది ఏమిటి

మనం ఫోను చేసినా, మనకు ఫోను వచ్చినా, సంక్షిప్త సందేశం వెళ్ళినా, ఫోను కంపెనీ బిల్లు కోసం ఒక వరుస రాసుకుంటుంది: ఏ నంబరు, ఏ నంబరుతో, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ టవరు ద్వారా. స్థలం గురించి అందులో ఉన్నది ఆ చివరి మాట ఒక్కటే. నగరంలో టవర్లు కొన్ని వందల మీటర్లకు ఒకటి ఉంటాయి గనక మనిషి ఏ పేటలో ఉన్నాడో తెలుస్తుంది. పల్లెల్లో ఒకే టవరు కింద పది ఊళ్ళు ఉండవచ్చు. ఆ పది ఊళ్ళ మధ్య ఎంత తిరిగినా రికార్డులో ఆ మనిషి కదలనట్టే. దీనికి వ్యతిరేకమైన చిత్రమూ ఉన్నది. రెండు టవర్ల సరిహద్దులో ఇల్లున్నవాడు మంచం మీద పడుకునే ఉన్నా, రద్దీని బట్టి ఒక కాల్ ఈ టవరుకూ ఇంకొకటి ఆ టవరుకూ పోవడంతో రాత్రంతా అటూ ఇటూ తిరిగినట్టు కనిపిస్తాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు కాలానిది. మనుషులు గడియారం ప్రకారం ఫోన్లు చేసుకోరు. అరగంటలో పది కాల్స్, ఆపైన ఆరు గంటల మౌనం. ఆ మౌనంలో మనిషి ఎక్కడున్నదీ రికార్డుకు తెలియదు. అందుచేత పరిశోధకులు చాలా సందర్భాల్లో చివరిసారి కనిపించిన టవరు దగ్గరే మనిషిని ఉంచేస్తారు. 2008 పత్రం రాసినవారు దీన్ని గుర్తించకపోలేదు. కాల్‌తో సంబంధం లేకుండా రెండు గంటలకొకసారి ఆచూకీ నమోదైన 206 మంది రికార్డులతో తమ ఫలితాన్ని పోల్చి చూసుకున్నారు. లక్షమందికి 206 మంది సాక్ష్యం. పరీక్షను సరిచూసే పద్ధతి అదే. సరిచూసిన సంఖ్య గురించి మాత్రం తరువాత ఆ పత్రాన్ని ఉదహరించినవారు మాట్లాడటం అరుదు.

తొంభైమూడు శాతం

అదే బృందం నుంచి 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన పత్రం ఇంకా పేరు పొందింది. మనిషి కదలికలను 93 శాతం వరకు ముందుగా చెప్పడానికి అవకాశం ఉన్నదన్నది దాని సారాంశం. పత్రికలు ఈ సంఖ్యను, కంప్యూటరు మనం రేపు ఎక్కడికి వెళ్ళేదీ నూటికి తొంభైమూడుసార్లు చెప్పేస్తుందన్న అర్థంలో ప్రచారం చేశాయి. నేటికీ ఉపన్యాసాల్లో అలాగే వినిపిస్తుంది.

పత్రం చెప్పింది అది కాదు. ఒక మనిషి గతాన్నంతటినీ తీసుకుని, అందులో ఉన్న అనిశ్చితిని ఎంట్రపీ అనే కొలతతో లెక్కగడితే, ఎంత గొప్ప పద్ధతి కనిపెట్టినా అంతకు మించి ఊహించలేమన్న పైహద్దు ఆ 93. పైహద్దు తెలిసినంత మాత్రాన అక్కడికి చేరే దారి ఉన్నట్టు కాదు. పైగా లెక్కించింది గంటగంటకూ. మనుషులు గంటగంటకూ ఊళ్ళు మారరు. రాత్రి ఎనిమిది గంటలు ఇంట్లో, పగలు ఎనిమిది గంటలు పనిలో ఉంటారు. వార్డులో పన్నెండో మంచం మీదున్న రోగి వచ్చే గంటలోనూ పన్నెండో మంచం మీదే ఉంటాడని నేను చెప్పగలను, దాదాపు ప్రతిసారీ నిజమవుతుంది. లేచినప్పుడు ఎక్కడికి వెళ్తాడన్నది వేరే ప్రశ్న. 'వచ్చే గంటలో ఎక్కడ' అన్న ప్రశ్నకు బదులు 'ఇక్కడి నుంచి కదిలితే తరువాత ఎక్కడ' అని అడిగిన తర్వాతి పరిశోధకులకు ఆ పైహద్దు చాలా కిందికి దిగిపోయింది.

వైద్యుడిని ఎక్కువ కలవరపెట్టేది ఆ యాభైవేల మందిని ఎంచుకున్న తీరు. దాదాపు కోటిమంది వాడకందార్ల నుంచి వారిని ఎంపిక చేశారు. షరతులు రెండు: పరిశీలించిన మూడు నెలల్లో రెండు కన్నా ఎక్కువ టవర్ల దగ్గర కనిపించి ఉండాలి, సగటున రెండు గంటలకు ఒకటికి తక్కువ కాకుండా కాల్స్ ఉండాలి. లెక్క నడవడానికి ఈ షరతులు అవసరమే, తక్కువ మాట్లాడేవారి గతం నిండా ఖాళీలే గనక. అయితే రోజుకు సగటున పన్నెండు కాల్స్‌కు తగ్గనివారు ఎవరు? పెద్దాస్పత్రి వార్డులో ముదిరిన రోగుల మీద సరిచూసిన పరీక్ష అక్కడ అద్భుతంగా పనిచేస్తుంది. ఊరి క్లినిక్కులో, రోగం ఉందో లేదో తెలియనివారి మీద వాడితే చతికిలబడుతుంది. మా పాఠ్యపుస్తకాల్లో ఇది రెండో అధ్యాయం. కోటిమందిలో యాభైవేలమంది స్వభావాన్ని మానవ స్వభావమనడం ఆ అధ్యాయాన్ని దాటవేయడమే.

కెన్యా, హైతీ

ఈ రికార్డులతో నిజంగా మేలు జరిగిన సందర్భాలు లేవనడం నా ఉద్దేశం కాదు. సమీకరణాల జోలికి పెద్దగా పోకుండా, ఒక దేశం, ఒక జబ్బు, ఒక ప్రశ్న పట్టుకున్న పరిశోధనలు నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి.

వాటిలో మొదటిది ఏమీ వెసొలౌస్కీ, కారొలైన్ బకీ తదితరులు 2012లో సైన్స్ పత్రికలో ప్రచురించిన కెన్యా పరిశోధన. దోమ కొద్ది కిలోమీటర్లకు మించి ఎగరదు. అయినా మలేరియా ఒక మూల నుంచి ఇంకో మూలకు పోతుంది, దాన్ని మోసుకుపోయేది మనిషి గనక. చాలాకాలం మలేరియా ప్రాంతంలో బతికినవారి రక్తంలో పరాన్నజీవి జ్వరం లేకుండానే నెలల తరబడి ఉండగలదు. అలాంటివాడు కూలికో పెళ్ళికో నగరానికి వెళ్తే అక్కడి దోమకు విందే. నగరంలోవాడు ఊరికి వెళ్ళి నాలుగు రాత్రులు పడుకుని వచ్చినా అంతే. ఒక ప్రాంతంలో దోమలను ఎంత అదుపు చేసినా బయటి నుంచి పరాన్నజీవి వస్తూనే ఉంటే ఆ శ్రమ నిలవదు. 2008 జూన్ నుంచి 2009 జూన్ వరకు దాదాపు కోటిన్నర మంది కెన్యా వాడకందార్ల రికార్డులను మలేరియా తీవ్రత పటంతో జోడించి, పరాన్నజీవి ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రయాణిస్తున్నదో ఈ పరిశోధకులు లెక్కగట్టారు. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ప్రాంతం ప్రధానమైన ఎగుమతిదారు అని, నైరోబీకి చేరేది అధికమని తేలింది. దోమతెరలు ముందు ఎక్కడ పంచాలి, ఏ ప్రాంతంలో అదుపు చేస్తే ఇంకెక్కడ జ్వరాలు తగ్గుతాయి అన్న ప్రశ్నలకు ఇలాంటి పటం పనికొస్తుంది. రాస్‌ను ఆపేసిన లెక్కకు ఇది అసలు కొనసాగింపు. ఆయన దోమల రాకను అడిగాడు, వీరు పరాన్నజీవి రాకను అడిగారు.

రెండోది హైతీ. 2010 జనవరి 12 భూకంపం తరువాత రాజధాని పోర్టో ప్రిన్స్ నుంచి జనం ఎటు పోయారో సహాయసంస్థలకు తెలియలేదు. లీనస్ బెంగ్ట్‌సన్ బృందం డిజిసెల్ కంపెనీకి చెందిన 19 లక్షల సిమ్ కార్డుల కదలికలను భూకంపానికి 42 రోజుల ముందు నుంచి 158 రోజుల తరువాత వరకు చూసి, పంతొమ్మిదో రోజుకు దాదాపు ఆరు లక్షల ముప్ఫైవేల మంది రాజధానిని వదిలి వెళ్ళినట్టు అంచనా వేసింది. ఎక్కడెక్కడికి వెళ్ళారన్న పంపకం తరువాత ఐక్యరాజ్యసమితి జరిపిన పెద్ద సర్వేతో సరిపోయింది. ఆ అక్టోబరులో కలరా వచ్చినప్పుడు ఇదే పద్ధతి గంటల వ్యవధిలో సమాచారం ఇవ్వగలిగింది. ఆహారపు మూటలు ఎటు పంపాలో తెలియని వేళ ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ గమనించవలసింది, వారు సిమ్ కార్డులను మనుషులుగా మార్చేటప్పుడు ఏ ఊహలు చేశారో చెప్పి, ఫలితాన్ని ఇల్లిల్లూ తిరిగి అడిగిన సర్వేతో పోల్చుకున్నారు.

ఎవరు కనిపించరు

వైద్యంలో 'సున్నితత్వం' అన్న మాట ఉన్నది. రోగం ఉన్న వందమందిలో పరీక్ష ఎందరిని పట్టుకుంటుందన్న లెక్క. ఫోను రికార్డు పట్టుకోలేనివారు అక్కడొకరూ ఇక్కడొకరూగా చెదిరి ఉంటే పెద్ద నష్టం లేదు. వారు ఒకే వైపున ఉండటమే సమస్య.

మలేరియాతో ఎక్కువగా చనిపోయేది ఐదేళ్ళలోపు పిల్లలు. వారి దగ్గర ఫోన్లు ఉండవు. వారిని చంకన వేసుకుని తిరిగే తల్లుల దగ్గర కూడా చాలాచోట్ల ఉండవు. భారతదేశపు అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు నూటికి 54 మందే. తెలంగాణలో 60, ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త తక్కువ. ఆ సర్వే జరిగింది 2019-21లో, అంటే ఫోను లేనివారే లేరని మనం అనుకుంటున్న కాలంలో. పురిటికి పుట్టింటికి వెళ్ళే కూతురు, చంటిబిడ్డతో తిరిగి అత్తవారింటికి పోయే కోడలు - పసిపిల్లల రోగాల రీత్యా ఇంతకన్నా ముఖ్యమైన ప్రయాణం లేదు - రికార్డుల్లో సగంమేర అదృశ్యం.

ఫోను ఉన్నా, అది ఒక్క మనిషిది కాకపోవచ్చు. పాలమూరు కూలీల గుంపు కాలువ పనికి పోయినప్పుడు మేస్త్రీ ఫోను నుంచే ఇళ్ళకు కబుర్లు వెళ్ళిన రోజులు మరీ పాతవి కావు. ముప్ఫైమంది కదిలితే రికార్డులో కదిలింది ఒకడు. జగిత్యాల నుంచి దుబాయి పోయినవాడు విమానం దిగగానే సిమ్ మారుస్తాడు. ఇక్కడి కంపెనీ లెక్కలో అతడి నంబరు మూగబోతుంది, అక్కడి కంపెనీ లెక్కలో ఒక కొత్త మనిషి పుడతాడు. రెండు లెక్కలనూ కలిపే తాడు లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు గుజరాత్‌లోని వేరావల్ పోయి, అక్కడి పడవల్లో వారాల తరబడి సముద్రం మీద ఉంటారు. తీరం కనుమరుగైతే టవరూ కనుమరుగే. ఒకే మనిషికి రెండు సిమ్‌లు ఉండటం, చవక పథకం కోసం నంబరు మార్చడం, పాత ఫోను తమ్ముడికి ఇవ్వడం మనకు చెప్పనక్కరలేని సంగతులు. ఎబోలా కాలపు సియెర్రా లియోన్‌ను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త సూసన్ ఎరిక్సన్, ఫోను అంటే మనిషి కాదని శీర్షికలోనే రాసింది. అక్కడ ఫోన్లు, సిమ్‌లు చేతులు మారుతూ, పంచుకోబడుతూ ఉంటాయని, ఒక ఫోను ఒక మనిషి అనుకోవడం ధనిక దేశాల అలవాటని ఆమె వాదన. అంటే డాలరు నోటు చిక్కు ఫోనుకూ తప్పలేదు.

ధనిక దేశం కూడా ఈ లోపానికి అతీతం కాదు. స్మార్ట్‌ఫోను యాప్‌ల నుంచి సేకరించి అమ్మే ఆచూకీ సమాచారాన్ని కోవిడ్ విధానాలకు వాడుతున్న రోజుల్లో, కొందరు పరిశోధకులు 2018 ఎన్నికలనాడు నార్త్ కరోలినా పోలింగు కేంద్రాలకు వచ్చిన ఓటర్ల జాబితాతో ఆ సమాచారాన్ని పోల్చి చూశారు. వృద్ధులు, తెల్లజాతివారు కానివారు తక్కువగా నమోదయ్యారని తేలింది. కోవిడ్‌తో ఎవరు ఎక్కువగా చనిపోయారో గుర్తుచేసుకుంటే దీని అర్థం తెలుస్తుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కెన్యా పరిశోధకులు తమ పద్ధతిలోని ఈ లోపాన్ని తామే తవ్వి చూసుకున్నారు. ఫోను యజమానుల్లో మగవారు, చదువుకున్నవారు, నగరవాసులు ఎక్కువని ప్రచురించారు. 2013లో ఇంకో పత్రంలో, ఫోను ఖర్చును ఆదాయపు గుర్తుగా తీసుకుని, ఈ అసమానతను సవరిస్తే ఫలితం ఎంత మారుతుందో లెక్కవేశారు. ఆశ్చర్యం, పెద్దగా మారలేదు. ఈ ఫలితాన్ని పట్టుకుని ఆక్షేపణలన్నీ తేలిపోయాయన్నవారు ఉన్నారు. నేను ఒప్పుకోలేను. జిల్లా నుంచి జిల్లాకు ఎంతమంది పోతున్నారన్న మొత్తపు అంచనాకు ఆ భరోసా చెల్లుతుంది. పోతున్నది ఎవరు, వారి వెంట ఎవరున్నారు, ఆ రాత్రి ఎవరు దోమతెర లేకుండా పడుకున్నారు అన్న ప్రశ్నలకు చెల్లదు. పైగా పేద ఫోను యజమాని ప్రవర్తన నుంచి ఫోనే లేనివాడి ప్రవర్తనను ఊహించడం, ఆస్పత్రికి రాగలిగిన పేదవాణ్ణి చూసి రాలేనివాడి జబ్బును ఊహించడం లాంటిది.

హాంప్‌స్టెడ్ వితంతువు

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా గురించి చెప్పేటప్పుడు అందరూ జాన్ స్నో గీసిన పటాన్ని చూపిస్తారు. ఆచూకీ సమాచారం ప్రాణాలు కాపాడుతుందనడానికి ఫోను పరిశోధకులకూ అది ఇష్టమైన ఉదాహరణ. ఆ కథలో నాకు ముఖ్యమనిపించేది పటంలో ఇమడని ఒక మరణం. హాంప్‌స్టెడ్‌లో, ఆ వీధికి మైళ్ళ దూరాన, కలరా లేని పేటలో ఒక వితంతువు కలరాతో చనిపోయింది. ఆమె బ్రాడ్ స్ట్రీట్ వైపు వెళ్ళనేలేదు. స్నో వెళ్ళి ఆమె కొడుకును అడిగితే తెలిసింది: ఒకప్పుడు ఆ వీధిలో కాపురమున్న ఆమెకు ఆ పంపు నీటి రుచి ఇష్టం. రోజూ బండి మీద ఒక సీసా నీళ్ళు తెప్పించుకునేది. ఆ నీళ్ళు తాగిన మేనకోడలూ చనిపోయింది.

ఆమె చేతిలో ఫోను ఉండి ఉంటే, బ్రాడ్ స్ట్రీట్‌తో ఆమెకు సంబంధం లేదని ఆ రికార్డు సాక్ష్యం చెప్పేది. కదిలింది నీళ్ళు. నీటివల్లే కలరా అన్న వాదానికి స్నో దృష్టిలో బలమైన రుజువుల్లో ఈ మరణం ఒకటి. అది అడిగితే దొరికిన సమాచారం. 2014 ఎబోలా సమయంలో పశ్చిమాఫ్రికా దేశాల ఫోను రికార్డులన్నీ పరిశోధకులకు ఇవ్వాలన్న ఒత్తిడి వచ్చింది. ఎబోలా సోకేది రోగిని సేవించినవారికి, శవాన్ని కడిగినవారికి. దాన్ని ఆపడానికి కావలసింది ఎవరు ఎవరిని ముట్టుకున్నారన్న వివరం. టవరు పరిధి కిలోమీటర్లు. స్పర్శ పరిధి ఒక చేయి. ఆ రికార్డుల కోసం సాగిన ఆరాటాన్ని షాన్ మెక్‌డొనాల్డ్ 2016లో బెంగుళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ప్రచురించిన పత్రంలో విపత్తు మీద ఇంకో విపత్తుగా వర్ణించాడు. చట్టం అనుమతి, ప్రజల అంగీకారం, స్పష్టమైన ప్రయోజనం - మూడూ లేని కోరిక అది అని ఆయన అభియోగం. చట్టం సంగతి న్యాయవాదులకు వదిలినా, ప్రయోజనం విషయంలో వైద్యుడిగా ఆయనతో ఏకీభవిస్తాను.

పేరు తీసేస్తే చాలదు

'పేర్లు, నంబర్లు తీసేశాం, ఎవరినీ గుర్తించలేరు' అన్న వాక్యం ఈ పత్రాలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. 2013లో ఈవ్-అలెగ్జాండర్ ద మొంజ్వా బృందం పదిహేను లక్షల మంది పదిహేను నెలల రికార్డులను తీసుకుని దీన్ని పరీక్షించింది. ఒక మనిషి ఏ గంటలో ఏ టవరు దగ్గర ఉన్నాడన్న ముక్కలు నాలుగు తెలిస్తే, నూటికి 95 మందిని ఆ గుంపులోంచి విడిగా పట్టుకోవచ్చునని తేలింది. నాలుగు ముక్కలు సంపాదించడం ఎంతసేపు? ఇల్లు, ఆఫీసు, ఒక పెళ్ళి ఫోటో, ఒక రెస్టారెంటు రశీదు. విచిత్రమేమంటే ఈ పత్రం రచయితల్లో 2008 పత్రపు హిదాల్గో ఒకరు. మన కదలికల్లో క్రమం ఉన్నదని చూపినవారే, ఆ క్రమమే మన వేలిముద్ర అని చూపారు.

అమెరికాలో వైద్య పరిశోధన చేసేవారికి హిపా నియమాలు తెలిసినవే. రోగుల వివరాలను పేరులేనివిగా పరిగణించాలంటే నియమావళి సూచించిన ఒక మార్గంలో పద్దెనిమిది రకాల గుర్తులు తొలగించాలి. ఆస్పత్రిలో చేరిన తేదీలో సంవత్సరం తప్ప మరేమీ మిగలకూడదు. జిప్ కోడులో మొదటి మూడంకెలే ఉంచవచ్చు, అదీ ఆ అంకెల ప్రాంతంలో ఇరవైవేల మందికి పైగా ఉంటేనే. మోకాలి శస్త్రచికిత్సల మీద వ్యాసం రాయడానికి ఇన్ని కట్టుబాట్లు. ఒక మనిషి గంటగంటకూ ఏ పేటలో ఉన్నాడో, ఏ ఆస్పత్రి టవరు కింద ఎన్ని రాత్రులు గడిపాడో ఉన్న రికార్డును మాత్రం, పేరు లేదు గనక, అతణ్ణి ఒక్క మాటైనా అడగకుండా వాడవచ్చునట.

న్యాయస్థానాలు దీన్ని కొంత అర్థం చేసుకున్నాయి. 2018 కార్పెంటర్ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు, 127 రోజుల్లో ఒక మనిషికి చెందిన 12,898 ఆచూకీలను పోలీసులు వారంటు లేకుండా తీసుకోవడం చెల్లదన్నది. అదీ ఐదుగురు ఔనంటే నలుగురు కాదన్న తీర్పు. భారత సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ వెనుక వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పరిశోధనకు, గణాంకాలకు వాడే సమాచారానికి కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఆ సమాచారంతో ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదన్నది ఒక షరతు. ఒక ఊరి గురించో ఒక బస్తీ గురించో నిర్ణయం తీసుకోవడం మీద ఈ షరతు ఏమీ చెప్పదు. కెన్యాలో దోమతెరల పంపకం అలాంటి నిర్ణయమే. కాని ఆ సమాచారంతోనే ఒక బస్తీకి దారులు మూసేయాలనుకుంటే అదీ అలాంటి నిర్ణయమే.

ఆరు గడులు

2020 ఏప్రిల్ నుంచి 2022 అక్టోబరు వరకు గూగుల్ ప్రచురించిన కదలికల నివేదికలను మనలో చాలామంది చూసే ఉంటారు. ఇవి టవరు రికార్డులు కావు. ఆచూకీ చరిత్ర నమోదుకు అనుమతించిన ఫోన్ల నుంచి కూడినవి. జనం కదలికలను ఆరు గడుల్లో చూపించారు: దుకాణాలు-వినోదం, కిరాణా-మందుల షాపులు, పార్కులు, బస్సు-రైలు స్టేషన్లు, పనిచేసే చోట్లు, ఇళ్ళు. 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 వరకు ఉన్న ఐదు వారాలు పోలికకు ప్రాతిపదిక. (అందులోనే సంక్రాంతి కూడా ఉన్నది. వారం రోజుల్లో ప్రతి రోజుకూ మధ్యగతం తీసుకున్నారు గనక పండగ ఆ ప్రాతిపదికను పెద్దగా చెడగొట్టి ఉండదు.) భారతదేశానికి జిల్లాల వారీగా లెక్కలు వచ్చాయి. మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ మొదలైన తరువాత పనిచోట్ల గీత కిందికి పడిపోయింది, ఇళ్ళ గీత పైకి లేచింది. దేశం ఇంట్లో కూర్చున్నదని ఆ గీతలను చూపి ఎన్నో వ్యాసాలు వచ్చాయి.

ఆ వారాల్లోనే లక్షలాది కూలీలు మూటాముల్లెతో రహదారుల వెంట నడుస్తున్నారు. రహదారి ఆ ఆరు గడుల్లో లేదు. నడిచేవాడి చేతిలో స్మార్ట్‌ఫోను ఉండి, అందులో చార్జింగు మిగిలి, ఆచూకీ నమోదుకు అతడు అనుమతి ఇచ్చి ఉన్నా, మేడ్చల్ దాటి నాగపూర్ దారి పట్టినవాణ్ణి రాసుకోవడానికి ఆ పట్టికలో చోటు లేదు. ఎండలో ఏ మైలురాయి దగ్గర నీళ్ళు కావాలో, ఎక్కడ ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక నర్సు అవసరమో తెలియజెప్పగల కదలిక అదొక్కటే.

జనగణన ఈ లోటు తీరుస్తుందని అనలేను. 2011 జనగణన ఇంతకు ముందు ఎక్కడ ఉండేవారని, ఎందుకు వచ్చారని అడిగింది. ఆరు నెలలు పనికి పోయి వానలకు తిరిగొచ్చే పాలమూరు కూలీ ఆ ప్రశ్నలకూ సరిగా దొరకడు. అతడి కోసం మలేరియా పటమో, క్షయరోగుల మందుల పంపిణీ పటమో గీయాలనుకునేవారు ఫోను రికార్డులు తీసుకోవచ్చు. దాంతోపాటు అడ్డా మీదికీ, ఇటుక బట్టీ దగ్గరికీ మనిషిని పంపి నాలుగు ప్రశ్నలు అడిగించాలి: ఈ ఫోను ఎవరిది, దీని మీద ఎందరు మాట్లాడతారు, మీ వెంట ఎందరు పిల్లలు వచ్చారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు.